రేగుచెట్టు కావాలి

మయ్యిత్‌కు గుసుల్ ఇచ్చే నీటిలో రేగాకు వేసి మరిగించడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న పద్ధతి. దీనికి మూలం హదీసులోనే ఉంది. దైవప్రవక్త (స) కుమార్తె మరణించినప్పుడు, ఆమెకు గుసుల్ ఇస్తున్న స్త్రీలతో ఆయన (స) నీటితోనూ రేగాకుతోనూ బేసి పర్యాయాలు కడగమని, చివరిసారి కర్పూరం కలపమని చెప్పినట్లు హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. రేగాకును నలిపి నీటిలో వేస్తే నురుగు వస్తుంది, మురికి వదులుతుంది. ఆకు దొరకనంత మాత్రాన గుసుల్ చెల్లకుండా పోదు. శుభ్రమైన నీరు చాలునని ఫిఖహ్ గ్రంథాలు స్పష్టంగానే చెప్పాయి. కాబట్టి ఈ విషయాన్ని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అయినా కన్నతల్లికి చివరిసారి నీళ్ళు పోసేటప్పుడు ఆ నాలుగు రెమ్మలు కూడా ఉండాలని కోరుకోని బిడ్డ ఉంటాడా?

మా గోదావరిఖనిలో ఈ ఆకు దొరకడం నానాటికీ కష్టమవుతూ వచ్చింది. ఎవరైనా కన్నుమూస్తే ఆ ఇంటి యువకులు బండ్లు వేసుకొని ఊరి శివార్లన్నీ తిరగాలి. కొందరు దుకాణంలో అమ్మే పొడి పొట్లంతో సరిపెట్టుకుంటారు. మా వాడలో స్త్రీల మయ్యిత్‌లకు గుసుల్ ఇచ్చే వృద్ధురాలు ఒకరున్నారు. అందరూ ఖాలా అనే పిలుస్తారు. కొన్నేళ్ళ క్రితం ఒకనాడు ఆమె మదరసా గుమ్మం దగ్గర నిలబడి, "మౌల్వీ సాబ్, మీ పిల్లలు సిద్ర్ అంటే బేర్ అని గడగడా చెప్తారు. ఒక్కణ్ణి పంపి నాలుగు రెమ్మలు తెప్పించండి, చూద్దాం" అన్నారు.

నేను ఆ సవాలును తరగతి ముందు పెట్టాను. మరునాడు పిల్లలు తెచ్చిన ఆకులు చాప మీద పరిచాము. వాటిలో సీతాఫలం ఉంది, సుబాబుల్ ఉంది, రోడ్డు మధ్య గడ్డలలో పెంచే కోనోకార్పస్ ఉంది. అసలైన రేగాకు తెచ్చినవారు ఇద్దరే. వారిద్దరూ సెలవులకు మంథని వైపు పల్లెల్లోని తాతల ఇళ్ళకు వెళ్ళివచ్చే పిల్లలు. సిద్ర్ అనే మాట అరబీలో, ఉర్దూలో, తెలుగులో అందరికీ వచ్చు. చెట్టును కళ్ళారా చూసినవారు మాత్రం ఇద్దరే.

దీనికి పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. గోదావరిఖని పేరులోనే గని ఉంది. 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం 1960ల నాటికి మా వైపు చేరింది. ఉత్తరాన గోదావరి, దక్షిణాన పొలాలు, నడుమ టేకు, మద్ది, తునికి, ఇప్ప, మోదుగ చెట్లతో నిండిన నేల ఇది. గనుల వెంబడి కరీంనగర్, వరంగల్ పల్లెల నుండే కాక గోరఖ్‌పూర్ నుండి కూడా శ్రామికులు వచ్చారు. ఎవరి ఊరి చెట్టు వారికి తెలుసు, ఈ నేల చెట్టు మాత్రం చాలామందికి కొత్త. వారి పిల్లలు క్వార్టర్లలో పుట్టారు. తరువాత ఓపెన్‌కాస్టులు వచ్చాయి. బొగ్గుపొర మీదున్న రాయినీ మట్టినీ తీసి పక్కన పోస్తే గుట్టలు లేచాయి. మా చిన్నపిల్లలు వాటినే కొండలనుకుంటారు.

ఇక్కడ ఎవరూ మొక్కలు నాటలేదని అంటే అది అన్యాయం. సింగరేణి సంస్థ మట్టిగుట్టల మీద ఏళ్ళ తరబడి మొక్కలు నాటిస్తూనే ఉంది, నర్సరీలు నడుపుతోంది. 2015లో రాష్ట్రప్రభుత్వం హరితహారం మొదలుపెట్టినప్పటి నుండి ప్రతి వర్షాకాలం బడిపిల్లలు, ఉద్యోగులు మొక్కలు పట్టుకొని నిలబడటం చూస్తూనే ఉన్నాము. నా మాట లెక్క గురించి కాదు, ఎంపిక గురించి. త్వరగా పెరిగేది, పశువులు ముట్టనిది, నీడ ఇచ్చినట్టు కనిపించేది అని చూసి నాటితే ఊరు పచ్చబడుతుంది కానీ ఆ పచ్చదనంలో పిట్టకు పండు ఉండదు, మేకకు మేత ఉండదు, మనిషికి మందు ఉండదు. నీలగిరి ఆస్ట్రేలియాది. సుబాబుల్ మెక్సికో ప్రాంతానిది. వేసవిలో ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్ దీవిది. అవన్నీ పనికిరానివని నేను అనను. మనం ఇంతగా ఇష్టపడే సీతాఫలం కూడా అమెరికా ఖండం నుండి వచ్చిందే. దాన్ని ఇప్పుడు పరాయిదని ఎవరంటారు? కానీ వచ్చిన అతిథికి గదంతా ఇచ్చి ఇంటివాణ్ణి వీధిలో నిలబెట్టడం ఏం మర్యాద?

కోనోకార్పస్ సంగతి గల్ఫ్ వెళ్ళివచ్చిన మన సోదరులకు నాకన్నా బాగా తెలుసు. కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల నుండి వెళ్ళినవారు అక్కడి రోడ్ల పక్కన పచ్చటి గోడల్లా నిలిచిన ఆ చెట్లను కత్తిరించి, నీళ్ళు పట్టి వచ్చినవారే. దాని వేళ్ళు నీటిగొట్టాలను, మురుగుకాలువలను పట్టుకుంటాయని కువైట్‌లోనూ ఇరాక్‌లోనూ ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది. అదే ఎడారిలో తరతరాలుగా నిలిచిన చెట్టు మరొకటి ఉంది. అరబ్బులు గాఫ్ అంటారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు అది జాతీయవృక్షం. మనకు అది జమ్మి, తెలంగాణ రాష్ట్రవృక్షం. దుబాయి నుండి వచ్చిన ఒక తండ్రికి ఈ మాట చెప్పినప్పుడు ఆయన కాసేపు నమ్మలేదు. అక్కడ ఆ చెట్టు నీడలో కూర్చొని రొట్టె తిన్నాడట, ఇక్కడ దసరానాడు పొరుగువారు జమ్మి ఆకు చేతిలో పెట్టగా తీసుకున్నాడట; రెండూ ఒకటేనని తట్టలేదు.

ఖాలా సవాలు తరువాత మదరసా పిల్లలతో, వారి ఇంటివారితో కలిసి చెట్లు నేర్చుకోవడం మొదలుపెట్టాము. ఆదివారం అసర్ నమాజు తరువాత మగ్రిబ్ దాకా. దీనికి సంఘం పేరు లేదు, రసీదు పుస్తకం లేదు. నేర్పేవారు ఎవరన్నదే మొదటి చిక్కు. నేను చదివినది అరబీ వ్యాకరణం, హదీసు, ఫిఖహ్. విత్తనం సంగతి నా చదువులో లేదు. అది తెలిసినవారు మా మస్జిదుకు రెండు వీధుల అవతల ఉన్నారు. భూగర్భగనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన ఒక హిందూ సోదరుడు. పైకప్పు కూలకుండా గనిలో కర్రలు నిలబెట్టడం ఆయన జీవితకాలపు పని. కర్రను ఎత్తి చూసి అది ఏ చెట్టుదో చెప్పగలరు. పైకప్పు దిగబోయేముందు కర్ర చప్పుడు చేస్తుందని, ఆ చప్పుడు విని పరుగెత్తి బతికినవారిలో తానూ ఒకణ్ణని చెబుతారు. "మస్తు చెట్లను గనిలకు దింపిన మౌల్వీ సాబ్. రెండు మొలిపిస్తే ఏం పోతది, వస్త పాండ్రి" అన్నారు. నేను ఆయనను అన్నా అంటాను. పిల్లలకు ఆయన తాత.

తాత నేర్పిన మొదటి పాఠం రేగు గురించే. ఆకు మీద అడుగునుండి బయలుదేరే మూడు ఈనెలుంటాయి. పైన నున్నని పచ్చదనం, కింద తెల్లని నూగు. ముళ్ళు జంటగా ఉంటాయి, వాటిలో ఒకటి నిటారుగా, మరొకటి వంకరగా. ఆ వంకరముల్లే బట్ట పట్టుకొని వదలదు. పరికి దీని దాయాది. పొదలా పాకుతుంది, పండు చిన్నది, నల్లది. మొదట ఒకటికొకటిగా పొరబడ్డ పిల్లలు మూడో ఆదివారానికి కళ్ళు మూసుకొని, ఆకును వేళ్ళతో తడిమి చెప్పడం మొదలుపెట్టారు.

రేగు విత్తనానికి పెంకు గట్టిది. పండు తిని గింజను అలాగే పాతితే నెలకు పైగా పడుతుంది, ఒక్కోసారి మొలవనే మొలవదు. పండిన కాయల గింజలు కడిగి నీడన ఆరబెట్టాలి. గట్టి ఉప్పునీటిలో వేసి తేలినవి పారవేయాలి, మునిగినవి ఉంచుకోవాలి. తరువాత పెంకును రాయి మీద పెట్టి మెల్లగా పగులగొట్టి లోపలి పప్పును చెడకుండా తీయాలి. అలా తీసిన పప్పు వారం రోజులకే తల ఎత్తుతుంది. ఈ పగులగొట్టే పనిలో పిల్లల కన్నా వారి తల్లులు నేర్పరులని తేలింది. చింతగింజలు, బాదంపప్పులు కొట్టిన చేతులు కదా! మొలకకు తల్లివేరు తొందరగా కిందికి దిగుతుంది. పొట్టి సంచిలో పెడితే వేరు చుట్టుకుపోయి, నాటాక మొక్క ఎదగదు. అందుకని పెద్ద పాలసంచులను కడిగి, అడుగున రంధ్రాలు చేసి, పొడవుగా నిలబెట్టి మట్టి నింపాము. మట్టి, ఇసుక, చివికిన పేడ కలిపిన మిశ్రమం అది. వీలైనచోట సంచి కూడా లేకుండా, వాన పడగానే నేలలోనే విత్తాము.

ఒక్కో చెట్టుది ఒక్కో గడియ. వేపపండు రాలేది జూన్‌లో. దాని గింజ కొద్దివారాలు దాటితే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. నేరేడు కూడా అంతే, తిన్ననాడే నాటినట్లుండాలి. ఇప్పగింజ ఆగదు. చింతగింజ మాత్రం ఏడాది దాటినా ఓపిక పడుతుంది. తంగేడు గింజను వేడినీళ్ళలో నానబెడితేనే మెత్తబడుతుంది. ఇవన్నీ తాత కార్తెలతో చెబుతారు. రోహిణి పోయేదాకా ఏరాలి, మృగశిరలో విత్తాలి, ఆరుద్రలో నాటాలి. మా పిల్లలు మదరసా గోడమీది హిజ్రీ పట్టిక చూసి ఇది ఏ నెల అని అడిగారు. మంచి ప్రశ్న. హిజ్రీ నెల చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈసారి వానలో వచ్చిన రమజాను కొన్నేళ్ళకు ఎండలో వస్తుంది. ఆరాధనలో అదే దాని సొగసు. విత్తనానికి సూర్యుడు కావాలి. అందుకే దక్కన్‌లో ముస్లిం పాలకులు కూడా పంటల శిస్తు కోసం ఫసలీ అనే వేరే సంవత్సరాన్ని పాటించారు; నిజాముల కాలంలో ఈ ప్రాంతపు భూమి కాగితాలన్నీ ఫసలీ లెక్కలోనే ఉండేవి. ఆ రోజు పాఠం విత్తనం దగ్గర మొదలై పంచాంగం దాకా వెళ్ళింది, నాకూ సంతోషమే కలిగింది.

మేము ఒక పుస్తకం పెట్టాము. పాత వార్తాపత్రికల మధ్య నొక్కి ఆరబెట్టిన ఆకును అంటించి, పక్కన మూడు భాషల్లో పేరు రాస్తాము. రేగు, బేర్, సిద్ర్. గోరింట, మెహందీ, హిన్నా. మోదుగకు ఉర్దూలో ఢాక్ అనీ పలాశ్ అనీ ఉంది, అరబీ గడి ఖాళీ. చింతకు అరబ్బులు తమర్ హిందీ అని పేరు పెట్టారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. విచిత్రమేమిటంటే ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులంటారు. ఎవరి ఇంట్లో పెరిగితే వారి బిడ్డ అయిపోయింది. పల్లెవాసుల నోట మొక్కల పేర్లు సేకరించడం మన ఉలమాలకు కొత్త పని కాదు. క్రీస్తుశకం 9వ శతాబ్దంలో అబూ హనీఫా దీనవరీ కితాబున్నబాత్ అనే మహాగ్రంథం రచించారు. ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ) వేరు, ఈయన వేరు. ఎడారివాసుల మాటల్లో, అరబీ పద్యాల్లో ఉన్న మొక్కల పేర్లను, వాటి వర్ణనలను ఆయన అందులో పోగుచేశారు. మా పుస్తకం దాని పాదధూళికి కూడా చాలదు. కానీ దారి అదే.

నీటికి మస్జిదు వుజూఖానా ఉంది. వుజూలో వాడిన నీరు పవిత్రమే, కాకపోతే దానితో మళ్ళీ వుజూ చేయరాదు. అంటే మొక్కకు పోయడానికి ఏ అభ్యంతరమూ లేదు. మురుగుకాలువలోకి పోయే గొట్టాన్ని తిప్పి ఒక తొట్టిలోకి పెట్టించాము. దానితో మరో విషయం కూడా బయటపడింది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు దోసెడు కొలతతో వుజూ పూర్తిచేసేవారని హదీసులో ఉంది. మా తొట్టి జుహర్ నమాజుకే నిండి పొర్లింది.

అసలు కష్టం ఖబరస్తాన్ దగ్గర వచ్చింది. రేగుచెట్లు అక్కడ ఉండటం అన్నివిధాలా సబబని మా ఉద్దేశం. అవసరం అక్కడిదే. కమిటీ పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. ముళ్ళు రాలితే జనాజా మోసేవారి కాళ్ళలో గుచ్చుకుంటాయన్నారు. ఇది ఆలోచించదగిన మాటే. అందుకే దారి పక్కన కాక వెనుకగోడ వెంబడి నాటాము. రేగుచెట్టు మీద జిన్నులు ఉంటాయని, చీకటిపడ్డాక అటు పోకూడదని మరొక పెద్దాయన అన్నారు. ఆయనకు నేను ఖుర్ఆన్‌లో ఈ చెట్టు ప్రస్తావన ఉన్న చోట్లు చూపించాను. సూరె వాఖిఆలో స్వర్గవాసులకు దక్కే సుఖాల వర్ణనలో ముళ్ళు లేని రేగుచెట్లు ఉన్నాయి. మేరాజ్ సందర్భంలో చెప్పబడిన సిద్రతుల్ మున్తహా కూడా ఈ పేరిటిదే. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన కలిగించేది సూరె సబా. కృతఘ్నతకు ఫలితంగా ఆనకట్ట తెగి సబా జాతివారి తోటలు కొట్టుకుపోయాక అక్కడ మిగిలినవి చేదుకాయలు, ఝావుక చెట్లు, కొద్దిపాటి రేగుచెట్లు. అంతా పోయినచోట కూడా నిలిచే చెట్టు, స్వర్గంలో కూడా ఉండే చెట్టు ఒకటే! ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు చూస్తూ పెరిగే పిల్లలకు ఈ ఆయతులు చెప్పేటప్పుడు వ్యాఖ్యానం పెద్దగా అవసరం ఉండదు. అరేబియా రేగు, మన రేగు జాతిలో కొంచెం తేడా ఉన్నవే, కానీ ఒకే కుటుంబపు అక్కాచెల్లెళ్ళు. మన దేశపు ఉలమాలు గుసుల్‌కు బేరాకునే చెబుతూ వచ్చారు.

పెద్దాయన జిన్నుల సంగతి వదిలేశారో లేదో నాకు తెలియదు. చెట్టు సంగతి మాత్రం ఒప్పుకున్నారు.

తరువాతి కష్టం షబె బరాత్ ముందు. ఏటా ఆ రోజుల్లో యువకులు ఖబరస్తాన్ శుభ్రం చేస్తారు. కొడవలి చేతికొస్తే వయ్యారిభామ, సర్కారు తుమ్మ, నిన్నమొన్నటి రేగుమొక్క అన్నీ ఒకటే. మొదటి ఏడాది మేము పెట్టినవాటిలో సగానికి పైగా అలాగే పోయాయి. వారి ఉద్దేశం మంచిదే. ఖబరస్తాన్‌లోని పచ్చి గడ్డిని, మొక్కలను అవసరం లేకుండా కోయడం మక్రూహ్ అని, ఎండినవాటిని తీయవచ్చునని హనఫీ ఫిఖహ్‌లో అల్లామా ఇబ్నె ఆబిదీన్ రాశారు. పచ్చగా ఉన్నంతకాలం అది అల్లాహ్‌ను స్తుతిస్తూ ఉంటుందని దానికి కారణం చెప్పారు. ఈ మస్అలా జుమాలో వివరించాక యువకులే వచ్చి, "మరి ఏది కోయాలి, ఏది ఉంచాలి, మాకెట్లా తెలుస్తుంది?" అని అడిగారు. మరుసటి ఆదివారం తరగతికి పిల్లలతో పాటు వారూ వచ్చారు. సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పీకవలసిందేనని తాత చెప్పగానే అందరికీ ఉత్సాహం వచ్చింది. పని దొరికింది కదా. ఉంచవలసిన మొక్కకు పాతచీర అంచు కట్టాలని ఖాలా చెప్పారు. ఇప్పుడు వెనుకగోడ వెంబడి రంగురంగుల పేలికలు కనిపిస్తాయి. మొక్కు కట్టారేమోనని ఎవరైనా భ్రమపడతారని, మొక్క పెద్దదవగానే పేలిక విప్పించేస్తున్నాను.

రేగుచెట్టు ఎండాకాలంలో ఆకు రాల్చుతుంది. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో వృద్ధుల మరణాలు ఎక్కువగా వినబడతాయి. సరిగ్గా అప్పుడే చెట్టు బోడిగా ఉంటుంది. ఈ సంగతి పుస్తకాల్లో చదివి నేను ఖాలాకు చెప్పబోతే ఆమె నవ్వారు. ఆమె అత్తగారు చలికాలంలోనే ఆకు కోసి, నీడన ఆరబెట్టి, పొడికొట్టి గాజుసీసాలో పోసి ఉంచేవారట. ఇప్పుడు జనవరిలో మా ఆడపిల్లలు అదే చేస్తున్నారు. సీసా మస్జిదు అలమారులో ఉంటుంది. ఎవరికి అవసరమైనా తీసుకుపోవచ్చు, డబ్బు తీసుకోము.

క్వార్టర్లలో నాటడం గురించి ఒక మాట. కంపెనీ ఇల్లు కార్మికుడిది కాదు. రిటైరైతే ఖాళీ చేయాలి. చింత కాపుకు వచ్చేసరికి పదేళ్ళు దాటుతుంది; రేగు గింజనుండి పెరిగితే నాలుగైదేళ్ళు. ఇంకా మూడేళ్ళే సర్వీసు మిగిలినవాడు దేనికోసం నాటాలి? మా తరగతికి వచ్చే ఒక తండ్రి ఈ ప్రశ్న సూటిగా అడిగారు. ఒక ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషి గానీ పక్షి గానీ పశువు గానీ తిన్నది అతని ఖాతాలో సదఖాగా రాయబడుతుందన్న భావంగల హదీసు ఆయనకు తెలియనిది కాదు. నేను దాన్ని మళ్ళీ చెప్పలేదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వృత్తాంతం చెప్పాను. బానిసత్వం నుండి విముక్తికి ఆయన యజమాని పెట్టిన షరతు నలభై ఊఖియాల బంగారం, మూడువందల ఖర్జూరపు మొక్కలు నాటి బతికించడం. దైవప్రవక్త (స) సహచరులను సహాయం చేయమన్నారు. ఒకరు ముప్పై మొక్కలు, మరొకరు ఇరవై, ఇంకొకరు పదిహేను, చేతనైనంత తెచ్చారు. గుంతలు తవ్వాక దైవప్రవక్త (స) స్వయంగా వచ్చి తన చేతులతో నాటారు. ఆ తోట సల్మాన్ (రజి)ది కాదు, పండు ఆయన తినేది కాదు. యజమాని ఒక యూదుడు. మొక్కలు తెచ్చినవారిదీ కాదు. అయినా ఒక్కటి కూడా ఎండకుండా బతికాయని ఉల్లేఖనం.

ఆ తండ్రి ఆ వానాకాలమే పెరట్లో రేగు, గోడ పక్కన కానుగ, కిటికీ కింద గోరింట పెట్టారు. గోరింటకు కష్టమే లేదు, జానెడు కొమ్మ గుచ్చితే పట్టుకుంటుంది. ఈద్ ముందురోజు రాత్రి దుకాణంలో కొనే కొన్ని కోన్‌లలో కలిపే రసాయనాలు చేతులను పొక్కిస్తున్నాయని తల్లులకు తెలుసు. పెరటి ఆకు రుబ్బుకుంటే ఆ బాధ లేదు. ఆయన గత ఏడాది రిటైరై ఇల్లు ఖాళీ చేశారు. వెళ్ళేముందు కొత్తగా రానున్న కుటుంబాన్ని పిలిచి, రేగుచెట్టు కొట్టవద్దని, ఆకు కోసం మస్జిదు నుండి ఎవరైనా వస్తే తలుపు తీయమని చెప్పారు. వచ్చినవారు ముస్లింలు కారు. నిరుడు డిసెంబరులో ఆ ఇంటి అమ్మాయి గిన్నెడు రేగుపండ్లు మదరసాకు తెచ్చి, "గింజలు వాపస్ ఇవ్వాల్నట, మా అమ్మ చెప్పింది" అంది.

తాతకు ఇప్పుడు మద్ది మీద మనసు పోయింది. మహాదేవపూర్ వైపు దసలిపట్టు పురుగులను మద్దిచెట్ల మీదే పెంచుతారు. ఆ కాయలు తెచ్చి గోదావరి ఒడ్డున వేయాలని ఆయన కోరిక. పోయిన ఏడాది పక్క కాలనీ మస్జిదువారు, ఒక చర్చి పాస్టరు గారు, రెండు సర్కారు బడుల ఉపాధ్యాయులు మొక్కలు అడిగారు. మొక్కలు ఇవ్వడం తేలిక. ఆదివారం ఒక్కసారి వచ్చి, ఆ మొక్క ఏదో గుర్తుపట్టి, దాని గింజను తమ చేతులతో ఒకటి పగులగొట్టి వెళ్ళాలని అందరితోనూ అన్నాము. బడి ఉపాధ్యాయులు పిల్లలను తీసుకొని వచ్చారు. పాస్టరు గారి ఇంటావిడ పెంకు పగులగొట్టడానికి అడకత్తెర తెచ్చారు. రాయి కన్నా అదే మేలని ఇప్పుడందరూ అదే వాడుతున్నారు.

ఈ పత్రిక చదివే ఇళ్ళలో వచ్చే చలికాలం రేగుపండ్లు తింటారు కదా, గింజలు పారవేయకండి. కడిగి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టి, తేమ లేనిచోట ఉంచండి. మృగశిర దాకా నిలుస్తాయి. మొక్కలు తీసుకువెళ్ళినవారు ఖాళీ పాలసంచులు కడిగి తిరిగి తెస్తే మా పిల్లలకు పని తగ్గుతుంది.